భయానక రసం – చూడదగిన కొన్ని చిత్రాలు

భయాన్ని సైతం ఒక రసంగా గుర్తించి, దానికి శాస్త్రంలో సముచితమైన స్థానమిచ్చినవాడు భరతముని. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దాని స్థాయిభావం భయం. ఈ రసం ఏయే కారణాల వలన పుట్టునో వివరిస్తూ ఆయన వికృతమైన ధ్వనులను, భూతాదుల దర్శనాన్ని, యుద్ధాన్ని, అరణ్యాన్ని, శూన్యగృహ ప్రవేశాన్ని పేర్కొన్నాడు. ఇంతవరకు ఏ చిత్రనిర్మాతకైనా తెలిసినదే. అయితే అక్కడే ఆయన మరొక కారణాన్ని కూడా చేర్చాడు. గురువు పట్ల గాని, రాజు పట్ల గాని అపరాధం చేసినవానికి కలిగే భయం అది. పాడుబడిన ఇంటిని, మనిషి చేసిన తప్పును ఒకే శ్లోకంలో పక్కపక్కన ఉంచడం మాకు మిక్కిలి అర్థవంతంగా తోస్తుంది.

నేడు భయానక చిత్రాల పేరిట వెలువడుతున్నవాటిలో అధిక భాగం ఆ శ్లోకంలోని పాడిల్లును, వికృత ధ్వనిని తీసుకొని, అపరాధాన్ని వదలివేసినవి. తలుపు కిర్రుమంటుంది, నల్లపిల్లి దూకుతుంది, ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, ఆ తరువాత నవ్వుకుంటాడు. ఉలికిపాటు శరీరానికి సంబంధించినది. వెనుకనుండి ఎవరైనా చప్పట్లు కొట్టినా అది కలుగుతుంది. చిత్రం ముగిసి ఇంటికి వచ్చి పడుకొన్న తరువాత కూడా మనసులో మెదిలే భయం వేరు. అది ఎక్కడో ఎవరో ఎవరికో చేసిన అన్యాయాన్ని ఆశ్రయించుకొని ఉంటుంది. అట్టి భయాన్ని కలిగించే చిత్రాలు పలు భాషలలో ఉన్నవి. వాటిలో మన విద్యార్థులకు అంతగా పరిచయం లేని కొన్నింటిని ఇచట ప్రస్తావించదలిచాము. కథాంతాలను మాత్రం సాధ్యమైనంతవరకు చెప్పము.

ఈ విషయాన్ని కళాశాల సంచికకు ఎన్నుకొనడానికి కారణం ఉన్నది. హాస్టలు విద్యార్థులు రాత్రివేళ గుంపుగా కూర్చుండి దయ్యాల చిత్రాలు చూచుట మేమెరుగుదుము. ఏమి చూచితిరని అడిగితే పేరు కూడా జ్ఞాపకముండదు. మరొక వంక, విద్యాలయంలో ఇట్టి చిత్రాల ఊసెత్తడమే తగదనీ, అవి మూఢనమ్మకాలను పెంచుతాయనీ భావించే పెద్దలున్నారు. వారి ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. తెలంగాణ గ్రామాలలో బాణామతి చేస్తున్నారన్న అనుమానం మీద వృద్ధుల పళ్ళు ఊడబెరికిన ఉదంతాలు, నిస్సహాయులను సజీవంగా దహనం చేసిన ఉదంతాలు పత్రికలలో పలుమార్లు చదివినవారమే మనమందరము. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట! ఎదుటి ఇంటి ముసలమ్మను అనుమానించడం నేర్పే చిత్రం, చివర ఒక మాంత్రికుడు వచ్చి నిమ్మకాయలు కోసి సమస్తాన్ని చక్కబెట్టే చిత్రం, ఈ రోగానికి ఆజ్యం పోయదని మేము అనలేము. కావుననే ఎట్టి చిత్రం చూడవలెనన్న ప్రశ్న ముఖ్యమైనది. ఇరుగుపొరుగును శంకించమనే చిత్రాలు కొన్ని, మనలను మనము ప్రశ్నించుకొమ్మనే చిత్రాలు కొన్ని. ఈ రెండింటిని ఒకే గాట కట్టి నిషేధించినచో నష్టపోయేది రెండవ రకమే. మొదటి రకం ఎటూ పిల్లవాని జేబులోని ఫోనులో ఉన్నది.

మొదట అమెరికాలో 1942 నుండి 1946 వరకు ఆర్.కె.ఓ. సంస్థలో వెలువడిన కొన్ని చిన్న చిత్రాల సంగతి. వాటి నిర్మాత వాల్ ల్యూటన్. రష్యా సామ్రాజ్యంలోని యాల్టాలో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరి, రచయితగా, కథల పరిశీలకునిగా పనిచేసినవాడు. సంస్థవారు ఆయనకు విధించిన నిబంధనలు విచిత్రమైనవి. చిత్రానికి లక్షన్నర డాలర్లు మించరాదు. నిడివి డెబ్బది అయిదు నిమిషాలు దాటరాదు. పేరు మాత్రం వారే ముందుగా నిర్ణయిస్తారు, ఆ పేరుకు తగిన కథను ఆయన అల్లుకోవలెను. 'క్యాట్ పీపుల్', 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ', 'ది లెపర్డ్ మ్యాన్' అన్న పేర్లు అట్లు పుట్టినవే. సంతలో డప్పు కొట్టి పిలిచే పేర్లు! ఆ పేర్ల వెనుక ఎంత గంభీరమైన చిత్రాలున్నవో ఊహించడం కష్టం. ఈ మూడింటికి దర్శకుడు జాక్ టూర్నర్.

ధనం లేదు కనుక భయంకరమైన జంతువును చూపే వీలు లేదు. అందుచేత నీడలను, శబ్దాలను ఆశ్రయించారు. 'క్యాట్ పీపుల్' లో ఒక యువతి రాత్రివేళ నిర్మానుష్యమైన వీథిలో నడచిపోతుంది. ఆమె వెనుక మరొక జత పాదాల చప్పుడు. కొంతసేపటికి ఆ రెండవ చప్పుడు ఆగిపోతుంది. యువతి అడుగులు వేగిరమవుతాయి. ఏదో మీదికి దూకబోతున్నదన్న క్షణంలో బుస్సుమని ఒక శబ్దం వచ్చి ప్రేక్షకుని గుండె ఆగినంత పని అవుతుంది. తీరా చూస్తే అది ఆమె ముందు వచ్చి ఆగిన బస్సు. ఇట్టి ఎత్తుగడకు చిత్రరంగంలో నేటికీ 'ల్యూటన్ బస్సు' అనే పేరు నిలిచి ఉన్నది. వేలాది చిత్రాలు దీనిని అనుకరించినవి గాని, బస్సుకు ముందున్న నిశ్శబ్దాన్ని అనుకరించినవి స్వల్పం.

అయినను మా దృష్టిలో ఈ మూడింటిలో ఎక్కువగా చూడదగినది 1943 నాటి 'ది లెపర్డ్ మ్యాన్'. న్యూ మెక్సికోలోని ఒక చిన్న పట్టణం. నృత్యశాలలో ఆడే ఒక నటికి ప్రచారం కొరకు ఆమె ప్రచారకుడు ఒక నల్ల చిరుతను అద్దెకు తెస్తాడు. అది బెదరి గొలుసు తెంపుకొని పారిపోతుంది. ఆ రాత్రి ఊరి చివరనున్న ఒక పేద ఇంటిలో తల్లి తన కుమార్తెను మొక్కజొన్న పిండి తెమ్మని పంపుతుంది. పిల్ల భయపడుతుంది, చీకటి, చిరుత అంటుంది. తల్లికి అవి సాకులుగా తోస్తాయి. పిండి లేకుండా రావద్దని బయటికి నెట్టి తలుపు గడియ వేస్తుంది. దగ్గరి దుకాణం మూసివేశారు. పిల్ల రైలు వంతెన క్రిందుగా ఆవలి దుకాణానికి పోవాలి. పోతుంది, పిండి తీసుకొంటుంది, తిరిగి వస్తుంది. వంతెన క్రింద చీకటిలో రెండు కళ్ళు. ఆ తరువాత మనము చూచేది ఇంటి లోపలి భాగం మాత్రమే. తలుపు మీద బాదుతున్న చప్పుడు, పిల్ల కేకలు. తల్లి మొదట నమ్మదు. నమ్మి లేచి గడియ తీయబోతే అది బిగుసుకొని రాదు. కేకలు ఆగిపోతాయి. తలుపు క్రింది సందు గుండా నెత్తురు సన్నని పాయగా లోపలికి వస్తుంది.

చిరుత పంజా మనకు కనిపించదు, గాయం కనిపించదు. కనిపించేదల్లా ఒక తలుపు, దాని ఇవతల ఒక తల్లి. ఏ ఇంటిలోనైనా జరుగగల కోపం అది. పిల్లల మాటను సాకు అనుకొని కొట్టిపారవేయని పెద్దలెవరు? ఇక్కడ మృగం ఒక నిమిత్తం మాత్రమే. ఆ తరువాత పట్టణంలో మరికొన్ని మరణాలు జరుగుతాయి. అవి చిరుత పనియేనా అన్నది కథలోని చిక్కు. దానికి సమాంతరంగా, చిరుతను తెచ్చిన ఇద్దరూ తమకేమీ పట్టనట్లు పైకి నటిస్తూ, ఒకరికి తెలియకుండా ఒకరు మృతుల కుటుంబాలకు డబ్బు ఇచ్చి వస్తూ ఉంటారు. అరువది ఆరు నిమిషాల చిత్రంలో ఇంత మానవ స్వభావం ఇమిడి ఉన్నది.

ఈ సందర్భంలో ఒక తెలుగు చిత్రాన్ని స్మరించకుండా ఉండలేము. వంశీ దర్శకత్వంలో 1985 లో వచ్చిన 'అన్వేషణ'. తలకోన అడవులలో చిత్రీకరించిన ఈ చిత్రంలో కూడా అడవిలో జరిగే మరణాలకు పులి కారణమని అందరూ అనుకుంటారు. అనుమానం క్రమంగా మనుషుల మీదికి మళ్ళుతుంది. పక్షుల కూతలలో స్వరాలను వెదకుతూ వచ్చిన యువతి పాత్ర భానుప్రియది. ఇళయరాజా కూర్చిన పాటలు నేటి యువతకు కూడా తెలుసు. చిత్రాన్ని ఆసాంతం చూచినవారు వారిలో ఎందరో చెప్పలేము. ఎం.వి. రఘు ఛాయాగ్రహణంలో అడవి ఒక పాత్రగా మారిన తీరు కొరకైనా దానిని చూడవలసి ఉన్నది.

'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' (1943) మరింత లోతైనది. షార్లట్ బ్రాంటీ 'జేన్ ఎయిర్' నవలా కథాచట్రాన్ని తీసుకొని కరీబియన్ దీవికి తరలించారు. చెరకు తోటల యజమాని ఇంటికి ఒక నర్సు వస్తుంది. ఆ ఇంటి ముంగిట బాణాలు గుచ్చుకొన్న ఒక నల్లని దారుశిల్పం, దాని మీదుగా కారుతున్న నీరు. అది ఒకనాటి బానిసల ఓడ ముందుభాగాన ఉండిన బొమ్మ. తమ పూర్వులు గొలుసులతో ఆ ఓడ అడుగున వచ్చారని బండివాడు చెబుతాడు. అయినా మిమ్ములను అందమైన చోటికే తెచ్చారు కదా అని నర్సు అమాయకంగా అంటుంది. అతడు మర్యాదగా, మీరంటే అంతేనమ్మా అన్న ధోరణిలో ఊరుకుంటాడు. ఆ దీవిలో బిడ్డ పుడితే ఏడుస్తారట, మనిషి పోతే సంతోషిస్తారట. బానిసత్వం నాటి అలవాటు. 1943 లో హాలీవుడ్ నుండి, అదీ ఇటువంటి పేరుతో, ఈ మాటలు వినబడటం ఆశ్చర్యకరం. చరిత్ర విద్యార్థులకు దీనిని ప్రత్యేకంగా సిఫారసు చేస్తాము.

ఆర్.కె.ఓ. సంస్థలో ఎడిటర్‌గా ఉండి ల్యూటన్ వద్ద దర్శకుడైనవాడు రాబర్ట్ వైజ్. తరువాతి కాలంలో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' తీసి లోకప్రసిద్ధుడయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1963 లో, ఆయన తీసిన 'ది హాంటింగ్' ను ఆ ప్రసిద్ధి కప్పివేసింది. షర్లీ జాక్సన్ 1959 నాటి నవల దీనికి ఆధారం. చిత్రమంతటిలో ఒక్క దయ్యమైనా కనబడదు. గోడల మీద గుద్దుతున్న చప్పుడు వినబడుతుంది. గట్టి కొయ్య తలుపు ఊపిరి తీసినట్లు లోపలికి ఉబ్బుతుంది. అంతే. నాయిక ఎలినార్ పదకొండేళ్ళు మంచాన పడిన తల్లికి సేవ చేసినది. తల్లి పోయిన రాత్రి ఆమె సహాయం కొరకు గోడ మీద కొట్టినది, ఎలినార్ లేవలేదు. విన్నదో వినలేదో ఆమెకే తెలియదు. ఇప్పుడు ఆ పరాయి ఇంటిలో రాత్రివేళ గోడ మీద చప్పుడు! ఇది తెలిసి చూస్తే ఆ ధ్వని మనకు వేరుగా వినిపిస్తుంది. రోగులైన వృద్ధులున్న ఇండ్లలో పెరిగినవారికి ఇక విడమరచి చెప్పనక్కరలేదు.

ఆంగ్ల సాహిత్యం చదివేవారికి హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898) పేరు తెలిసియుండును. దానిని జాక్ క్లేటన్ 1961 లో 'ది ఇన్నొసెంట్స్' గా తెరకెక్కించాడు. స్క్రీన్‌ప్లే రచనలో ట్రూమన్ కపోటీ పాలుపంచుకొన్నాడు. తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లలు, వారి బాగోగులు తన చెవిని వేయవద్దని షరతు పెట్టి పల్లెలోని భవనంలో విడిచిపెట్టిన పినతండ్రి, వారికి చదువు చెప్ప వచ్చిన ఉపాధ్యాయిని. చనిపోయిన ఇద్దరు పనివారి ఆత్మలు పిల్లలను ఆవహించుచున్నవని ఆమె నమ్ముతుంది. నిజమా, ఆమె మనోవికారమా? చిత్రం చెప్పదు. ఒక దృశ్యంలో చదువు గదిలో బల్ల ముందు కూర్చుండి ఏడుస్తున్న నల్లదుస్తుల స్త్రీ కనిపించి మాయమవుతుంది. ఉపాధ్యాయిని దగ్గరికి పోయి చూడగా బల్ల మీది పలక తడిగా ఉంటుంది. ఒక కన్నీటి బొట్టు. దయ్యం వదిలిపోయిన సాక్ష్యం కన్నీరు కావడం ఎంత దయగల ఊహ! విశాలమైన తెర అంచులను చీకటి చేయడానికి ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ప్రత్యేకంగా రంగు వేసిన ఫిల్టర్లను వాడాడు. అందువలన దీపం వెలుగు చుట్టూ ఏముందో మనకు సదా అనుమానమే. ఈ చిత్రంలో భయపెట్టేది ఉపాధ్యాయిని నిశ్చయం. పిల్లల మేలు కొరకేనని ఆమె వారిని ఎంత దూరం నెట్టుకొనిపోతుందో చూచినపుడు, అధ్యాపక వృత్తిలో ఉన్న మాకు ఒకింత ఇబ్బందిగానే ఉండినది.

ఇక మన దేశానికి వత్తము. హైదరాబాదుతో సూత్రప్రాయమైన సంబంధం ఉన్న ఒక కథ ఉన్నది. రవీంద్రనాథ ఠాగూరు 1895 లో రచించిన 'క్షుధిత పాషాణ్', అనగా ఆకలిగొన్న రాళ్ళు. ఇందులో కథ చెప్పే వ్యక్తి జునాగఢ్ కొలువు మాని నిజాం ప్రభుత్వంలో ప్రత్తి పన్ను వసూలు చేసే ఉద్యోగిగా చేరినవాడు. నదీతీరాన నిర్జనమైన పాలరాతి భవనంలో అతడు బస చేస్తాడు. పగలు లెక్కల పుస్తకాలు. రాత్రి అయినంతనే అత్తరు వాసనలు, గజ్జెల సవ్వడి, ఎవరో పారశీక యువతి పిలుపు. ఆ భవనంలో తీరని కోరికలు, దగాపడిన హృదయాల శాపాలు రాతిరాతిలో ఇంకి ఉన్నవనీ, మూడు రాత్రులు గడిపి ప్రాణాలతో బయటపడినవాడు పిచ్చి మెహర్ అలీ ఒక్కడేననీ కచేరీలోని వృద్ధ గుమాస్తా హెచ్చరిస్తాడు. ఆ మెహర్ అలీ ప్రతి ఉదయం భవనం చుట్టూ తిరుగుతూ, దూరంగా పొండి, ఇదంతా అబద్ధమని కేకలు పెడుతుంటాడు. కథలో తెలివిగలవాడు ఆ పిచ్చివాడే.

దీనిని తపన్ సిన్హా 1960 లో సౌమిత్ర ఛటర్జీ, అరుంధతీ దేవి నటించగా బెంగాలీలో చిత్రించాడు. సంగీతం ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్. సరోద్ తీగ మీద రాత్రి దిగివచ్చే తీరు వినవలసినదే గాని వర్ణించదగినది కాదు. ఇక్కడ దయ్యం ఎవరినీ చంపదు. నవాబుల విలాసం కింద నలిగిన ఒక బానిస బాలిక వేదన శతాబ్దాల తరువాత కూడా వినేవాని కొరకు ఎదురుచూస్తున్నది. కోటలను, మహళ్ళను చూచి మురిసిపోయే మనవారు, ముఖ్యంగా పాత నగరపు కీర్తిని కవిత్వీకరించే మా ఉర్దూ మిత్రులు, ఒకసారి ఈ చిత్రం చూడవలెనని మా కోరిక. వారికి కమాల్ అమ్రోహీ 'మహల్' (1949) గురించి మేము చెప్పనక్కరలేదు. మధుబాల, లతామంగేష్కర్ పాట, జర్మన్ ఛాయాగ్రాహకుడు జోసెఫ్ వీర్షింగ్ వెలుగునీడలు వారికి కంఠస్థమే. అశోక్ కుమార్ మోహావేశం వలన అతని భార్యకు జరిగే అన్యాయాన్ని మాత్రం ఆ పాట మాధుర్యంలో చాలామంది మరచిపోతారు.

మేము అన్నింటికంటె మిన్నగా ప్రేమించే చిత్రం మలయాళంలోనిది. 1964 లో వచ్చిన 'భార్గవీ నిలయం'. కథారచయిత వైకం ముహమ్మద్ బషీర్. తన 'నీలవెలిచ్చం' అనగా నీలి వెలుగు అన్న చిన్న కథను తానే చిత్రంగా విస్తరించి వ్రాశాడు. దర్శకుడు ఎ. విన్సెంట్ కు ఇది తొలి చిత్రం. ఈయన ఛాయాగ్రాహకుడుగా తెలుగువారికి సుపరిచితుడు. 'ప్రేమ్‌నగర్' (1971), 'అడవి రాముడు' (1977) చిత్రాలను చిత్రీకరించినది ఈయనే. భార్గవిగా నటించినది మన విజయనిర్మల. అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002 లో గిన్నిస్ గ్రంథంలో చోటు పొంది, 2019 లో స్వర్గస్థురాలైన ఆమెను మనవారు దర్శకురాలిగా, కృష్ణ సరసన నాయికగా స్మరిస్తారే గాని, ఈ తెల్లచీర యువతిని ఎరుగరు.

ఒక రచయిత తక్కువ అద్దెకు ఒక పాత ఇల్లు తీసుకొంటాడు. చేరిన తరువాత తెలుస్తుంది, ఆ ఇంటి బావిలో పడి భార్గవి అనే యువతి మరణించినదనీ, ఆమె దయ్యమై తిరుగుచున్నదనీ. ప్రేమ విఫలమై బావిలో దూకినదని ఊరి మాట. ఇక్కడ ఏ కథలోనైనా మాంత్రికుడు రావలెను, లేదా కథానాయకుడు పారిపోవలెను. బషీర్ రచయిత ఈ రెండూ చేయడు. పెద్దమనిషి మరొకరి ఇంటిలో అడుగుపెట్టినట్లు ఆమెను పలుకరిస్తాడు. తాను పేదవాడిననీ, వేరే చోటు లేదనీ, ఉండనిమ్మనీ అడుగుతాడు. తాను వ్రాసినది చదివి వినిపిస్తాడు. మూల కథలో గ్రామఫోను మీద సైగల్, పంకజ్ మల్లిక్ రికార్డులు పెట్టి ఆమెకు వినిపిస్తాడు కూడా. భయం క్రమంగా స్నేహమవుతుంది. స్నేహం విచారణకు దారి తీస్తుంది. ఆమె ఎట్లు మరణించినదో తెలుసుకొని ఆమె కథను వ్రాయడం మొదలిడతాడు. ఊరంతా ఆత్మహత్య అని తేల్చిన మరణాన్ని ప్రశ్నించిన మొట్టమొదటివాడు ఆ ఇంటి అద్దెదారు!

మూల కథ చివర ఒక రాత్రి అతని దీపంలో కిరసనాయిలు అయిపోతుంది. స్నేహితుల వద్ద నూనె తెచ్చుకొందామని చీకటిలో పోయి తిరిగి వచ్చేసరికి, ఆరిన దీపం గదినిండా నీలి వెలుగుతో వెలుగుచున్నది. బషీర్ దానికి ఎట్టి వివరణమూ ఇవ్వడు. ఇంతటి సున్నితమైన దయ్యపు కథను మేము మరొకటి చదువలేదు. చిత్రంలో రచయితగా మధు, భార్గవి ప్రియునిగా ప్రేమ్ నజీర్ నటించారు. ఎం.ఎస్. బాబురాజ్ స్వరపరచిన గీతాలు హిందుస్తానీ ఛాయలతో నేటికీ కేరళమంతటా వినిపిస్తూనే ఉన్నవి. ఇదే కథను ఆషిక్ అబూ 2023 లో 'నీలవెలిచ్చం' పేరుతో రంగులలో మరల తీశాడు. అందులో దృశ్యశోభకు లోటు లేదు. అయితే మొదట నలుపు తెలుపుల చిత్రాన్ని చూచి, తరువాత దీనిని చూడమని మా సలహా. మన ఊళ్ళలో కూడా బావులున్నవి. వాటిలో పడి పోయిన కోడళ్ళను గురించి కాలు జారినదనో, గాలి సోకినదనో చెప్పిన మాటను ఎందరము మారు ప్రశ్న లేకుండా నమ్మినాము?

దయ్యాలు అసలే వద్దనేవారికి ఒక అపరాధ పరిశోధక చిత్రం చెప్పుతాము. తమిళంలో 1954 లో ఎ.వి.ఎం. వారు నిర్మించిన 'అంద నాళ్'. దర్శకుడు వీణా విద్వాంసుడు ఎస్. బాలచందర్. సంగీతమే జీవనంగా గల మనిషి తన చిత్రంలో ఒక్క పాటైనా పెట్టలేదు! నృత్యం లేదు, కత్తియుద్ధం లేదు. తమిళంలో పాటలు లేకుండా వచ్చిన మొదటి చిత్రంగా దీనిని పేర్కొంటారు. 1943 అక్టోబరులో జపాను విమానం మద్రాసుపై బాంబులు వేసిన రోజుల కథ. చిత్రం తెరచుకొనగానే రేడియో ఇంజనీరు రాజన్ తుపాకి దెబ్బకు నేలకూలుతాడు. ఆ పాత్రధారి శివాజీ గణేశన్. అనగా కథానాయకుడు మొదటనే మరణించాడు. మిగిలిన చిత్రమంతా భార్య, తమ్ముడు, మరదలు, పొరుగువాడు ఒక్కొక్కరుగా చెప్పే గతం. ఒక్కొక్కరి నోట అతడు ఒక్కొక్క విధంగా కనిపిస్తాడు. కురొసావా 'రషోమన్' (1950) ప్రభావం ఇందులో స్పష్టం. తన పరిశోధనకు స్వదేశంలో ఆదరణ లభించని మేధావి ఏమవుతాడన్నది దీనిలోని ముల్లు. సైన్సు విద్యార్థులు దీనిని చూచి తమలో తాము చర్చించుకొనదగినది. అంతకు ముందే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాను బాంబులు పడిన సంగతి తెలిసినవారికి ఆ వాతావరణం పరాయిగా తోచదు. హిందీలో కూడా పాటలు లేని 'కానూన్' (1960), 'ఇత్తెఫాక్' (1969) ఉన్నవి. అవి రెండూ చూడదగినవే గాని 'అంద నాళ్' వాటికంటె ముందుది, మా దృష్టిలో మేలైనది.

చివరిగా జపాను నుండి 'క్వైదాన్' (1964). మసాకి కొబయాషి దర్శకుడు. 1965 కాన్స్ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందినది. గ్రీకు తల్లికి, ఐరిష్ తండ్రికి జన్మించి జపానులో స్థిరపడిన లఫ్కాడియో హెర్న్ సేకరించి వ్రాసిన నాలుగు కథల సంపుటి ఇది. మొదటి కథలో ఒక సమురాయి పేదరికానికి విసిగి, బట్టలు నేసి తనను పోషించిన భార్యను విడిచి, ఉద్యోగం కొరకు సంపన్నుల ఇంటి పిల్లను పెండ్లాడుతాడు. ఏళ్ళు గడచిన తరువాత పశ్చాత్తాపంతో తిరిగి వస్తాడు. భార్య అదే మగ్గం ముందు అట్లే కూర్చుండి ఉన్నది. ఒక్క నిందావాక్యమైనా పలుకదు. ఆ రాత్రి గడచి తెల్లవారినంతనే అతడు చూచినది ఏమిటో ఇచట వ్రాయము. అతడు గది గదికి పరుగెత్తుతుండగా తెర మీద నేల పలకలు విరుగుతాయి. చప్పుడు మాత్రం ఆ క్షణాన రాదు, తరువాత ఎప్పుడో కొయ్య చీలిన ధ్వనిగా వస్తుంది. తోరు తకెమిత్సు కూర్చిన ఈ శబ్దసంగీతం వంటిది మరొకటి మేము వినలేదు. ఉద్యోగాల కొరకు దూరదేశాలు పోయే మన యువకులలో కొందరికైనా ఈ కథ తగులుతుంది.

మూడు గంటలకు పైబడిన చిత్రం కనుక రాత్రికొక కథ చొప్పున చూడవచ్చును. గుంపుగా కూర్చుండి నవ్వుకుంటూ చూచినచో ఈ చిత్రాలలో ఏదీ పలుకదు. ఇద్దరు ముగ్గురు కలిసి, దీపం తగ్గించి, నడుమ ఆపకుండా చూడవలెను. ల్యూటన్ చిన్న చిత్రాలతో ఆరంభించి, 'ది ఇన్నొసెంట్స్', 'భార్గవీ నిలయం' మీదుగా 'క్వైదాన్' చేరడం సుగమమైన మార్గం. అందులోని మూడవ కథ హోయిచి అనే అంధ గాయకునిది. 1185 నాటి సముద్ర యుద్ధంలో నశించిన వంశంవారి ఆత్మలు తమ పతనగాథను తామే వినగోరి రాత్రులందు అతనిని పిలిపించుకొని పాడించుకుంటాయి. అతనిని కాపాడదలచిన గురువులు ఒళ్ళంతా పవిత్ర వాక్యాలు వ్రాసి, చెవుల మీద వ్రాయడం మరచిపోతారు. ఆ ఒక్క కథను మాత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినండి.